కిలోమీటరుకు జానెడు వాటం

దక్షిణ ఫ్రాన్సులో ఉజెస్ అనే చిన్న ఊరు ఉంది. రాతి మేడలు, ఇరుకు సందులు, శనివారం నాడు చెట్ల కింద సంత. ఆ ఊరి అంచు నుంచి రాళ్ళ బాట పట్టుకుని లోయలోకి దిగితే ఎర్ అనే ఊట వస్తుంది. సున్నపురాతి నేల అడుగు నుంచి ఉబికి వచ్చే నీళ్ళు, పక్కనే చిన్న వాగు, వాగు పొడవునా చెట్ల నీడ. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్లు ఈ నీటిని నీమ్ నగరానికి తీసుకుపోయారు. గీత గీసినట్టు పోతే ఇక్కడి నుంచి నీమ్ 20 కిలోమీటర్లే. నీళ్ళు నడిచిన దారి మాత్రం 50 కిలోమీటర్లు.

చాలామంది యాత్రికులు ఈ ఊట దగ్గరికి రారు. గార్దోన్ నది మీద ఆ కాలువ కోసం కట్టిన మూడంతస్తుల వంతెన, పోన్ ద్యు గార్, ప్రపంచమంతా ఎరిగినది. తిన్నగా అక్కడికే పోయి, ఫొటోలు తీసుకుని తిరిగిపోతారు. మేమూ అలాగే అనుకున్నాం. మా బాబాయి ఒప్పుకోలేదు. ఆయన గోదావరి డెల్టాలో ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. వేసవిలో కాలవలు కట్టేశాక పూడిక తీయించడం, గట్టుకు గండి పడితే అర్ధరాత్రి ఇసుక బస్తాలు వేయించడం, డంపీ లెవెలు పెట్టి మట్టాలు రాయించడం, ఆయన బతుకంతా ఇదే. కొడుకు లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి చూడ్డానికి వచ్చాడు, నేనూ తోడొచ్చాను. "తల ఎక్కడుందో చూడకుండా మధ్యలో వంతెన చూస్తే ఏం తెలుస్తుందమ్మా? కాలవని తల నుంచి కొస దాకా నడవాలి," అన్నాడు. తమ్ముడు కారు ఉజెస్ వైపు తిప్పాడు. నీళ్ళు ఎటు పోయాయో మేమూ అటే పోదామని అలా నిర్ణయమైంది.

ఊట దగ్గరి మట్టానికీ కాలువ కొస మట్టానికీ తేడా మొత్తం 12.6 మీటర్లు. దాన్ని 50 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 25 సెంటీమీటర్లు, జానెడు కంటే కొంచెం ఎక్కువ. ఈ సంఖ్య విని బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మన డెల్టాలోనూ ఇలాంటి సన్న వాటాలే. కాకపోతే మనది చదును నేల, తవ్వుకుంటూ పోతే సరిపోతుంది. ఈ గుట్టల్లో, ఈ మలుపుల్లో జానెడు వాటం తప్పకుండా తెచ్చారంటే మట్టం చూసినవాడికి చెయ్యెత్తి మొక్కాలి," అన్నాడు. వాటం ఎక్కువైతే నీళ్ళు అడుగుని కోసేస్తాయి. తక్కువైతే కదలక నిలిచిపోయి, గట్టు మీంచి పొర్లుతాయి. పొరపాటున ఒకచోట రెండు మీటర్లు కిందికి దింపేస్తే ఆ రెండు మీటర్లు పోయినట్టే. మోటారు లేని కాలంలో జారిపోయిన అంత నీటిని మళ్ళీ పైకెత్తే దారి లేదు.

మట్టం చూడ్డానికి వాళ్ళకు దుర్బిణి లేదు, రసమట్టం లేదు. విట్రూవియస్ అనే రోమన్ వాస్తుకారుడు తన గ్రంథంలో కొరోబాటిస్ అనే పనిముట్టును వర్ణించాడు. 20 అడుగుల పొడవున్న బల్ల, రెండు చివర్లా కాళ్ళు, వాటికి వేలాడే గుండుదారాలు. గాలికి దారాలు ఊగుతుంటే బల్ల పైన చెక్కిన గాడిలో నీళ్ళు పోసి మట్టం సరిచూసేవారు. ఇలాంటి పనిముట్లతోనే కొండ పక్కలెంట దారి గుర్తులు పెట్టుకుంటూ పోయారు.

నేరుగా నీమ్ వైపు తవ్వకుండా తూర్పుకు ఎందుకు తిరిగారన్నది దారిలో గుట్టలు చూస్తే అర్థమవుతుంది. ఇక్కడివాళ్ళు గారిగ్ అని పిలిచే నేల ఇది. తెల్లటి సున్నపురాయి, దాన్ని పట్టుకుని పొట్టి ఓక్ చెట్లు, అడుగడుక్కీ రోజ్‌మేరీ, థైమ్ పొదలు. ఎండెక్కేకొద్దీ వాటి వాసన గాలంతా పరుచుకుంటుంది, ఇలకోళ్ళ రొద చెవులు గింగిర్లెత్తిస్తుంది. ఈ గుట్టల గుండా సూటిగా పోవాలంటే 8, 10 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. అందుకని గుట్టల్ని చుట్టి, తూర్పున తగ్గు నేల మీదుగా తీసుకెళ్ళి, మళ్ళీ నైరుతికి మళ్ళించారు. అలా చుట్టి వస్తే గార్దోన్ నదీ లోయ అడ్డం పడుతుంది. వంతెన పుట్టింది అందుకే.

ఇక్కడ ఆ ఇంజనీర్ల లెక్క గురించి ఒక సంగతి చెప్పాలి. ఊట నుంచి వంతెన దాకా వాటం కాస్త ఎక్కువ ఇచ్చారు. వంతెన దాటాక బాగా తగ్గించేశారు. కొన్నిచోట్ల 100 మీటర్లకు సెంటీమీటరు పల్లం కూడా ఉండదు. ముందే ఎక్కువ దిగితే వంతెన ఎత్తు తగ్గుతుంది, ఆ మేరకు రాయి మిగులుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది. దానికి బదులుగా కింది సగంలో నీళ్ళు నెమ్మదిగా, నిండుగా పారాయి. మొదట కట్టిన ప్రక్క గోడలు చాలక వంతెన ఎగువన వాటి ఎత్తు పెంచిన ఆనవాళ్ళు తవ్వకాల్లో బయటపడ్డాయి. కాగితం మీద వేసిన లెక్కను నీళ్ళు పారాక సరిదిద్దుకున్నారన్నమాట. ఇది విన్నాక బాబాయికి ఆ రోమన్లు మరీ దగ్గరివాళ్ళయిపోయారు. ఏ కాలవకైనా మొదటి నీళ్ళు వదిలిన రోజే అసలు పరీక్ష అని ఆయన నమ్మకం.

వెర్ అనే పల్లె దగ్గర కారు ఆపి నడిచాం. ఆలివ్ తోటల మధ్య, పొదల మధ్య కాలువ శిథిలాలు వరసగా ఉన్నాయి. విరిగిన కమాన్లు, గోడ ముక్కలు, ఎక్కడికీ చేరకుండా ఆగిపోయిన కట్టడం. ఈ 50 కిలోమీటర్లలో అత్యధిక భాగం భూమి లోపలే ఉంది. కందకం తవ్వి, లోపల రాతి గోడలు కట్టి, పైన కమానుగా కప్పు వేసి, మట్టి కప్పేశారు. ఎండ తగలదు, ఆకులు పడవు, నీళ్ళు చల్లగా ఉంటాయి. నేల తగ్గిన చోట మాత్రమే గోడలెత్తారు. ఆ గోడల లోపలి వైపు మొదటిసారి ఇక్కడే చూశాను. రాయి మీద రాయి పెరిగినట్టు లేత గోధుమ రంగు పేటు, పొర మీద పొర. చేత్తో తడిమితే అలల్లా తగులుతుంది. ఎర్ ఊట నీటిలో సున్నం ఎక్కువ. ఆ సున్నమే ఏళ్ళ తరబడి గోడలకు పేరుకుని గట్టిపడింది. దాని కథ తరవాత వస్తుంది.

వంతెన దగ్గరికి మధ్యాహ్నం దాటాక చేరాం. మలుపు తిరగగానే ఎదురైంది. నేను ఫొటోల్లో చాలాసార్లు చూసినా ఆ పసుపు రాయి రంగుకు, ఆ ఎత్తుకు సిద్ధంగా లేను. నది మట్టం నుంచి దాదాపు 49 మీటర్లు. కింది వరసలో 6 కమాన్లు, మధ్య వరసలో 11, పైన చిన్నవి 35. పై వరసలో మొదట 47 ఉండేవి, ఉత్తరపు కొసన 12 పోయాయి. నది మీద అన్నిటికంటే పెద్ద కమాను వెడల్పు 24 మీటర్లు దాటుతుంది. కింది రెండు అంతస్తుల్లో సున్నం లేదు, రాళ్ళను అతికే మరే పదార్థమూ లేదు. ఆరేసి టన్నుల దాకా బరువున్న రాళ్ళను నున్నగా చెక్కి, ఒకదాని బరువు మీద ఇంకొకటి నిలిచేలా పేర్చారు. రాయి తెచ్చిన గని కిలోమీటరు లోపే, నది ఒడ్డునే ఉంది. మనుషులు లోపల నడుస్తుంటే తిరిగే పెద్ద చక్రాల క్రేన్లతో పైకెత్తారు.

దగ్గరికి వెళ్ళి స్తంభాల ముఖాలు చూస్తే కట్టినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టనిపిస్తుంది. గోడల్లోంచి రాళ్ళు బయటికి పొడుచుకుని ఉన్నాయి. పరంజా కర్రలు ఆనించడానికి వదిలినవి అవి. పని అయిపోయాక కొట్టేయవచ్చు. అలాగే ఉంచేశారు, రేపు మరమ్మతుకు పనికొస్తాయని కావచ్చు. కమాను రాళ్ళ మీద గుర్తులు గీసి ఉన్నాయి. ఇది ఎడమ ముఖం, మూడో రాయి అని పేర్చేవాడికి చెప్పే అక్షరాలు, అంకెలు. గని దగ్గర చెక్కినవాడు ఒకడు, పైన అమర్చినవాడు ఇంకొకడు, ఇద్దరి మధ్య ఈ చిన్న గీతలే మాట. వాళ్ళెవరి పేరూ మనకు తెలియదు. ఒకప్పుడు ఈ కట్టడాన్ని అగస్టస్ చక్రవర్తి అల్లుడు అగ్రిప్ప ఖాతాలో వేసేవారు. తవ్వకాల్లో దొరికిన కుండపెంకులూ నాణేలూ చూశాక, అది అంతకు అర్ధశతాబ్దం పైగా తరవాతదని, క్రీ.శ. 40, 60 మధ్య కట్టి ఉంటారని ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటున్నారు. సుమారు 800 నుంచి 1000 మంది 15 ఏళ్ళు పనిచేసి ఉంటారని అంచనా.

బాబాయి వంతెన కింద గులకరాళ్ళ మీద కూర్చుని మా గన్నవరం గుర్తుచేసుకున్నాడు. కోనసీమలో పి. గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద 49 కమాన్ల అక్విడక్టు ఉంది. 1850ల తొలి ఏళ్ళలో, కాటన్ దొర ఆనకట్ట పనుల కాలంలో, నగరం లంకకు సాగునీరు అందించడానికి కట్టినది. ఇప్పుడు పక్కనే కొత్తది వచ్చినా పాతది నిలిచే ఉంది. ఆయన ఉద్యోగంలో కొన్నేళ్ళు దాని మీదుగా సైకిల్ తొక్కుకుంటూ తిరిగాడు. అది పంటకు, ఇది పట్టణానికి. ఇటుక అది, రాయి ఇది. కానీ నది మీదుగా నీటిని దాటించడమనే పని ఒకటే, దాని మీద మనుషులు దారి వేసుకోవడమూ ఒకటే. నీళ్ళు ఆగిపోయాక పోన్ ద్యు గార్ శతాబ్దాల పాటు రోడ్డు వంతెనగా బతికింది. ఉజెస్ ప్రభువులు, బిషప్పులు సుంకం వసూలు చేశారు, ఆ సుంకం కోసమే దాన్ని కాపాడారు కూడా. 17వ శతాబ్దపు మత యుద్ధాల్లో రోహాన్ డ్యూకు ఫిరంగి బండ్లు పోవడానికి మధ్య వరస స్తంభాల్ని దాదాపు మూడో వంతు చెక్కించేశాడు. అయినా నిలబడింది. 1743 నుంచి 1747 మధ్య ఆన్రీ పీతో కింది అంతస్తుకు ఆనించి వేరే రోడ్డు వంతెన కట్టి పాతదాని మీద భారం తగ్గించాడు. విమానాల వేగం కొలవడానికి ఇప్పటికీ వాడే పిటాట్ గొట్టం ఆయన పేరు మీదిదే. నీటి వేగం కొలవడానికి దాన్ని కనిపెట్టాడు. 1958లో గార్దోన్ వరద కింది వరసను ముంచేసింది, చుట్టుపక్కల వేరే వంతెనల్ని కూల్చేసింది, దీన్ని కదపలేకపోయింది. 1985లో యునెస్కో జాబితాలో చేరింది. దీని చరిత్ర ఇంకా చాలా ఉంది కానీ నాకు అంతకంటే ముఖ్యమైనది పైన ఉంది.

పై అంతస్తు కాలువలోకి గైడుతో పాటు వెళ్ళనిస్తారు. రాతి పలకల కప్పు కింద, మనిషి ఎత్తు గోడల మధ్య, మెల్లగా నడిచాం. కప్పు పలకలు లేని చోట ఆకాశం, గోడ పక్కకు ఒరిగితే చాలా కింద నది. కాలువ వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 1.8 మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు వంతెన మీద పల్లం మొత్తం రెండున్నర సెంటీమీటర్లు. కింద అంత రాయి, అంత ఎత్తు, పైన నీటికి దొరికిన జారుడు అంగుళం. గోడల లోపల నీళ్ళు కారకుండా గచ్చు చేసి, దాని మీద ఎర్రటి పూత పూశారు. కాల్చిన సున్నంలో పంది కొవ్వు, పచ్చి అంజూర కాయల పాలు కలిపి చేసిన పూత అని గైడు చెప్పింది. బాబాయి ఉత్సాహంగా నా చేత ఆమెకు చెప్పించాడు. మా దగ్గర గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవారని. ఆమె తన పుస్తకంలో రాసుకుంది.

ఆ కాలువలో నడుస్తుంటే ఇరుకుదనం మొదలవుతుంది. వెర్ దగ్గర చూసిన ఆ సున్నపు పేటు ఇక్కడ రెండు పక్కల నుంచీ దగ్గరికి వచ్చేసింది. కొన్నిచోట్ల ఒక్కో పక్క అర మీటరు దాకా మందం. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి పోయేంత సందు. పరిశోధకులు ఆ పేటును కోసి చూశారు. చెట్టు మొద్దు వలయాల్లా పొరలు కనిపిస్తాయి. మొదటి కాలంలో పేరుకున్న పొరలు శుభ్రంగా, గట్టిగా ఉన్నాయి. అంటే కాలువ మూసి ఉంది, ఎవరో క్రమం తప్పకుండా చూసుకున్నారు. తరవాతి పొరల్లో మట్టి, వేళ్ళు, నాచు. కప్పు విరిగిన చోట బాగుచేసినవాళ్ళు లేరు, పైన మొలిచిన చెట్ల వేళ్ళు లోపలికి దిగినా పీకినవాళ్ళు లేరు. నాలుగో శతాబ్దం నుంచి ఈ నిర్లక్ష్యం పెరిగింది. సున్నం పేరుకుంటూ కాలువను మూడింట రెండు వంతులు మూసేసింది. రోజుకు దాదాపు 40,000 ఘనపు మీటర్ల నీటి కోసం కట్టిన దారి అది. చివరికి ఆ సున్నపు పేటును కూడా జనం రాళ్ళుగా కోసుకుని దగ్గరి చర్చీల గోడలకు వాడుకున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. రాళ్ళు ఓడిపోలేదు. వాటం చెడలేదు. ఏడాదికోసారి దిగి గోకేవాళ్ళు లేకపోవడంతో నీమ్ నీళ్ళు ఆగిపోయాయి. రోమ్ నగరంలో ఈ పనివాళ్ళ లెక్క మనకు దొరుకుతుంది. క్రీ.శ. 97లో రోమ్ నీటి వ్యవహారాల అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ తన పుస్తకంలో రాశాడు. ప్రభుత్వ జట్టులో 240 మంది, చక్రవర్తి జట్టులో 460 మంది, మొత్తం 700 మంది, బానిసలు. కాలువ కాపలావాళ్ళు, తొట్ల కాపలావాళ్ళు, గచ్చు పనివాళ్ళు. నీమ్‌లో ఎంతమంది ఉండేవారో రాసి పెట్టినవాడు లేడు. కానీ ఆ తొలి పొరల శుభ్రతే వాళ్ళు ఉన్నారని చెప్తుంది. బాబాయికి ఇది వేరే వివరణ అక్కర్లేని సంగతి. కాలవలు కట్టేసిన నెలలో పూడిక డబ్బులు మంజూరు కాక, నీళ్ళు వదిలాక శివారు భూములకు చుక్క చేరక రైతులు ఆయన మీద అరిచిన ఏడాదులు ఆయనకు గుర్తున్నాయి. ఆ గోడ మీద చెయ్యి వేసి, "లస్కర్లని తీసేశారు వీళ్ళు," అన్నాడు. లస్కర్లంటే మా కాలవల్ని కనిపెట్టుకుని ఉండే పనివాళ్ళు. అంతకంటే సూటిగా ఏ పురావస్తు నివేదికా చెప్పలేదు.

వంతెన దాటాక సెర్నాక్ ఊరి దగ్గర రాయిలో తొలిచిన రెండు చిన్న సొరంగాలు చూశాం. పలుగు పోట్లు నిన్నటివిలా ఉన్నాయి. దీపాలు పెట్టుకోవడానికి గోడలో చెక్కిన గూళ్ళు ఉన్నాయి. చీకట్లో వంగి పనిచేసిన మనిషి భుజం ఎత్తు ఎంతో ఆ గూళ్ళను బట్టి చెప్పవచ్చు.

నీమ్ చేరేసరికి సాయంత్రమైంది. ఊట దగ్గర బయల్దేరిన నీళ్ళకు ఇక్కడికి రావడానికి 27 గంటలు పట్టేదని అంచనా. నగరంలో రోమన్ల యాంఫీథియేటరు ఉంది, మెజోన్ కారే అనే చక్కటి గుడి ఉంది, జనం అక్కడే ఉన్నారు. మేము లాంపెజ్ వీధి వెతుక్కుంటూ పోయాం. పాత కోట పక్కన, ఇళ్ళ మధ్యన, కమ్మీల వెనక ఒక గుండ్రటి రాతి తొట్టి. వెడల్పు 5.5 మీటర్లు, లోతు మీటరు. ఒక వైపు చదరపు నోరు, 50 కిలోమీటర్లు వచ్చిన కాలువ కొస అది. ఎదురు గోడలో వరసగా పది గుండ్రటి కన్నాలు, ఒక్కోటి 40 సెంటీమీటర్లు. వాటిలోంచి సీసపు గొట్టాల్లోకి నీళ్ళు దిగి ఊళ్ళో స్నానశాలలకు, వీధి కొళాయిలకు, పెద్దల ఇళ్ళకు పోయేవి. అడుగున మూడు తూములు ఉన్నాయి, తొట్టి ఖాళీ చేయడానికి. శతాబ్దాలు మట్టి కింద ఉండి 1844లో బయటపడింది. రోమన్ ప్రపంచంలో ఇలాంటి పంపకపు తొట్లు చెక్కుచెదరకుండా మిగిలినవి చాలా తక్కువ.

నీమ్‌కు అంతకుముందు నీళ్ళు లేక కాదు. ఊరి మధ్యే నెమౌసస్ ఊట ఉంది, ఊరికి ఆ పేరే వచ్చింది, బావులూ ఉన్నాయి. పెరిగిన ఊరికి, స్నానశాలలకు, రాత్రీ పగలూ ఆగకుండా పారే కొళాయిలకు అవి చాలలేదు. సామ్రాజ్యపు దర్పం కూడా ఇందులో ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ వీధి కొళాయి దగ్గర కుండ పట్టుకుని నిలబడిన దాసికి కూడా అదే ఊట నీరు అందింది. నా లెక్కలో ఈ పది కన్నాల గోడ ఆ 49 మీటర్ల వంతెన కంటే గొప్పది. వంతెన నది దాటించింది. పంపకం ఇక్కడ జరిగింది.

మీరు ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే ఒక్క వంతెనతో సరిపెట్టుకోకండి. ఉజెస్ ఊట దగ్గర మొదలుపెట్టండి, వెర్ పొదల్లో గోడల మీది సున్నం తడిమి చూడండి, కుదిరితే పై కాలువలో నడిచే టికెట్టు తీసుకోండి. మండు వేసవిలో కంటే ఏప్రిల్, అక్టోబరు నెలలు నయం. నీమ్‌లో లాంపెజ్ వీధి తొట్టిని మాత్రం వదలకండి. అది రోడ్డు మీదే ఉంటుంది, దానికి టికెట్టు లేదు.